ఏడో దిమ్మె కుళాయిల పేరు

గడువుకి 40 రోజులు

పది రోజులకి మించి తేలని నిర్ణయం ఏదైనా ఉంటే కార్యదర్శి దాని మీద చిట్టా రాయాలని మా నీళ్ళ సంఘం నియమం. ఆ నియమం పెట్టించింది నేనే. తొమ్మిదేళ్ళలో పదిహేడు చిట్టాలు రాశాను. అందులో నాలుగు, పంపుగది గోడకి ఏ రంగు వెయ్యాలన్న దాని మీద. ఇవాళ ఇంకా మొదటిరోజే. అయినా ఇది పద్దెనిమిదోది అవుతుందని నాకు తెలుసు కాబట్టి ముందే మొదలుపెడుతున్నాను. నా విషయంలో నాకున్న నిశ్చయం ఇదొక్కటే.

సంగతేమిటంటే, పొద్దున్న నామనిధి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా సంఘం డొమైను, డీఎన్ఎస్, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్టు మూడూ ఇరవై ఏళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇకమీదట పేర్ల నమోదు ఒక్కటే చూస్తారట. మిగతా రెండూ నలభై రోజుల్లో ఆపేస్తారట. మా సర్టిఫికెట్టు గడువు తీరేదీ సరిగ్గా ఆ రోజే.

దిమ్మె మీద ఈ మాటలు ఎవరూ వాడరు. పేరు, దారి, ముద్ర అంటారు. సముద్రంలో గ్యాసు తోడుకున్నాక మిగిలిన ఇనుప దిమ్మెల మీద కాపురాలు మాకు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసి నాలుగు వందల పన్నెండు కుళాయిలకి పంపడం మా సంఘం పని. ప్రతి కుళాయి మీదా ఒక పెట్టె ఉంటుంది. నీళ్ళు పంపిందెవరని అది ముందు పేరు అడుగుతుంది. ఆ పేరుగల యంత్రం ఇవాళ ఏ పంపుగదిలో ఉందో దారి అడుగుతుంది, ఎందుకంటే ఆటుపోట్లని బట్టి మా యంత్రాలు గదులు మారుతుంటాయి. అప్పుడు ముద్ర చూపించమంటుంది. మూడూ కుదిరితే పచ్చలైటు వెలుగుతుంది, నీళ్ళొస్తాయి. కుదరకపోతే ఎర్రలైటు. ఇక కాళ్ళు పట్టుకున్నా రావు.

నకళ్ళ ఏడాదిలో గొంతులూ మొహాలూ దొంగిలించినట్టే రెండో దిమ్మె పంపు పేరు కూడా ఎవరో దొంగిలించి, వడకట్టని నీళ్ళు వదిలారు. పదకొండు మంది పోయారు. ఆ తర్వాత మా మొదటి కార్యదర్శి బంగారమ్మగారు ఈ మొండి పెట్టెలు పెట్టించారు. వాటి మొండితనం మీద నాకు గౌరవమే. అయితే ఒప్పందంలో ఇంకో ముక్క కూడా ఉంది. వరసగా మూడు రోజులు కుళాయిలు మూతబడితే దిమ్మె నీళ్ళ సరఫరా తీరం కంపెనీ చేతికి పోతుంది. సంఘంలో ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళం. మాలో పని పోతే బతకడానికి మరో దారి ఉన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

కాబట్టి నలభై రోజుల్లోపు మూడింటికీ కొత్త చోటు ఎంచాలి. పట్టిక మొదలుపెట్టాను.

గడువుకి 36 రోజులు

కమిటీ సమావేశం. కమిటీ అంటే ముగ్గురం. అధ్యక్షురాలు పైడమ్మగారు ముప్ఫై ఏళ్ళు దిమ్మెలకీ తీరానికీ మధ్య పంటు పడవ నడిపిన మనిషి. ఇంజను చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పగలరు. పంపుల పని చూసే నూకరత్నం ఆవిడకి అక్క కూతురు. మూడోది నేను. ఇక్కడికి రాకముందు విశ్వవిద్యాలయంలో పదహారేళ్ళు తర్కశాస్త్రం చెప్పాను. ఏ వాదానికైనా రెండు వైపులా చూడాలని పిల్లలకి నేర్పి నేర్పి, చివరికి ఏ వైపూ కదలలేని స్థితికి నేను చేరుకున్నాను.

పట్టిక బల్ల మీద పరిచాను. మూడు కంపెనీలు, ఇరవై ఆరు గళ్ళు. సాగరసేతు అన్నిటికన్నా పెద్దది, మూడు పనులూ ఒకేచోట చేస్తుంది. అభయముద్ర మధ్యస్థం. త్రోవ అనేది తునిలో ఇద్దరు మనుషులు నడిపే దుకాణం, వాళ్ళ పేజీలో వాళ్ళ ఫొటోయే వంకరగా ఉంది. ఫొటో వంకరకి కూడా ఒక గడి పెట్టాను.

"ఇందులో ఏది మంచిదో ఈ గళ్ళు సెప్తాయాండి?" అంది నూకరత్నం.

"చెప్పవు. ఆలోచించుకోవడానికి సాయపడతాయి."

"ఆలోసించడానికి మీకు సాయవెందుకండీ? ఆపడానికి కావాలి గానీ."

పైడమ్మగారు పట్టికని రెండు చేతులతో ఎత్తి, వలలో చిరుగులు వెతికినట్టు వెలుతురుకి పెట్టి చూశారు. "అంతా బానే ఉందండి పంతులమ్మగోరూ. వదిలేసినోళ్ళని అడిగేరా?"

ఇది ఇక్కడి పద్ధతి. ఇంజను మెకానిక్కుని పెట్టుకున్నా, వల అల్లేవాణ్ణి కుదుర్చుకున్నా, వాడి దగ్గర ఇప్పుడు పని చేయించుకుంటున్నవాళ్ళని అడగరు. వాణ్ణి వదిలేసి వెళ్ళినవాళ్ళని వెతికి మరీ అడుగుతారు. ఎందుకు వదిలేశారన్నది కాదు ప్రశ్న. వదిలేస్తామని చెప్పిన రోజున వాడు ఏం చేశాడన్నది ప్రశ్న. ఇంజను విప్పిన ముక్కలుగా ఇచ్చాడా, బిగించి ఇచ్చాడా?

"కంపెనీల దగ్గర అలా కుదరదండి," అన్నాను.

"కంపినీలోళ్ళు మడుసులు కాదా ఏంటండీ?"

పట్టిక అడుగున చిన్న అక్షరాలతో రాసుకున్నాను: స్థానిక ఆచారం, నమూనా చిన్నది, శాస్త్రీయం కాదు.

గడువుకి 31 రోజులు

సాగరసేతుకి ఫోను చేశాను. మాట్లాడేది యంత్రమైతే ప్రతి మాటకి ముందూ గంట మోగాలని చట్టం కాబట్టి మొదట టింగుమంది.

"టింగ్. నమస్కారమండీ హైమవతిగారూ. చాలా లోతైన ప్రశ్న అడిగారు."

నేనింకా ఏమీ అడగలేదు.

గంటన్నర మాట్లాడాను. పద్నాలుగు ప్రశ్నలు వేశాను. పదమూడింటిని అది మెచ్చుకుంది. మా విశ్వవిద్యాలయంలో పదహారేళ్ళలో నన్ను ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. పద్నాలుగో ప్రశ్న మాత్రం పైడమ్మగారి మాట గుర్తొచ్చి ఊరికే అడిగాను. "రేపెప్పుడైనా మేం మీ దగ్గర్నుంచి వెళ్ళిపోవాలనుకుంటే?"

"టింగ్. అంత మాటెందుకండీ! ఇప్పుడే కదా కలిశాం."

ఆ జవాబు నాకు ఆత్మీయంగా అనిపించిందని ఇక్కడ రాసి ఉంచుతున్నాను. తర్వాత ఎవరైనా చదివి నవ్వుకుంటారు.

త్రోవకి కూడా చేశాను. గంట మోగలేదు. ఒక ఆడమనిషి గొంతు, నోట్లో అన్నం ముద్ద ఉన్నట్టుంది, "తింటున్నానండి, పావుగంటలో నేనే చేస్తాను" అంది. పావుగంటలో చేసింది కూడా. కానీ అప్పటికి నేను పట్టికలో వృత్తి మర్యాద అనే గడి పెట్టి అందులో సున్నా వేసేసి ఉన్నాను. వేసిన సున్నా కొట్టేస్తే పట్టిక విశ్వసనీయత ఏం కావాలి? ఫోను ఎత్తలేదు.

గడువుకి 26 రోజులు

ఇవాళ ఒక మంచి పని చేశాను.

కొత్త కంపెనీకి వెళ్ళేముందు కాగితాలు సరిచూసుకుందామని నామనిధి పుస్తకంలోకి వెళ్ళాను. మా పేరుకి యజమానిగా ఇప్పటికీ బంగారమ్మగారే ఉన్నారు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నేను కార్యదర్శిగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ అది చూడకపోవడం తప్పా, ఇప్పుడు చూసి వదిలేయడం పెద్ద తప్పా అని మధ్యాహ్నం భోజనం దాకా ఆలోచించాను. పోయిన మనిషిని యజమానిగా పెట్టుకుని కొత్త ఇంటికి వెళ్ళడం, మాసిన గుడ్డలు మూటగట్టుకుని వెళ్ళినట్టు అనిపించింది. యజమాని గడిలో సంఘం పేరు రాయించాను. కోడు వచ్చింది, నొక్కాను, అయిపోయింది. నామనిధి ధన్యవాదాలు చెబుతూ పొడుగాటి ఉత్తరం పంపింది. మొదటి పేరా చదివాను.

నా అంతట నేను, ఎవర్నీ అడక్కుండా, ఒక్క పూటలో తీసుకున్న నిర్ణయం. తొమ్మిదేళ్ళలో ఇలాంటిది ఇదే మొదటిది. సాయంత్రం పైడమ్మగారికి చెబితే "పోన్లెండి, మంచిదే" అన్నారు. ఆవిడ అంతకన్నా ఎక్కువ అంటారనుకున్నాను.

గడువుకి 20 రోజులు

పట్టికలో యాభై రెండు గళ్ళు నిండాయి. సాగరసేతు నెగ్గింది. కమిటీ ముగ్గురం వేలిముద్రలు వేశాం. పైడమ్మగారు వేసేటప్పుడు "అడగలేదుగా మరి" అని మాత్రం గొణిగారు.

మధ్యాహ్నం మూడింటికి నామనిధి పుస్తకం తెరిచి, పేరుని సాగరసేతుకి పంపే మీట నొక్కాను.

ఒక వాక్యం వచ్చింది. "యజమాని వివరాలు ఇటీవల మారినందున దొంగతనాల నివారణ కోసం ఈ పేరు అరవై రోజుల పాటు కదలదు."

ఆరు రోజుల కిందట వచ్చిన ధన్యవాదాల ఉత్తరం వెతికి తీశాను. ఈ ముక్క అందులో ఐదో పేరాలో ఉంది. అరవైలో ఆరు పోతే యాభై నాలుగు. మాకున్నవి ఇరవై. తర్కశాస్త్రం చదివినవాళ్ళకి ఈ తీసివేత కష్టం కాదు. అయినా మూడుసార్లు చేశాను, ఒకసారి కాగితం మీద.

సాగరసేతుని అడిగాను. పేరు రానక్కర్లేదు, దారీ ముద్రా మాత్రం మీరు చూడండి అని.

"టింగ్. చాలా చక్కని ఆలోచనండీ. మూడూ కలిపి తీసుకుంటేనేనండీ."

బంగారమ్మగారు తన పేరు మీదే వదిలేసి వెళ్ళిన ఒక్క వస్తువుని పద్ధతి ప్రకారం శుభ్రం చేసి, నాలుగు వందల పన్నెండు కుళాయిలకి తాళం వేశాను. అదీ ఒక్క పూటలో. నేను నెమ్మదిగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదని గమనించగలరు.

గడువుకి 18 రోజులు

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఏం చేశానంటే, పట్టికలో యాభై మూడో గడి గీశాను. దానికి పేరు పెట్టలేదు.

ఇవాళ పొద్దున్న పంపుగదికి వెళ్ళి చెప్పేశాను. నూకరత్నం యంత్రానికి గ్రీజు పెడుతోంది. పైడమ్మగారు మెట్టు మీద కూచుని చింతచిగురు ఏరుతున్నారు. తీరం నుంచి పంటు మీద ఆ చిగురు వచ్చిన రోజు ఆవిడకి పండగే.

చెప్పడం అయ్యాక నూకరత్నం గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"అయితే ఇప్పుడేటండీ, పద్దెనిమిది రోజులకి నీళ్ళు ఆగిపోతాయా?" అంది నూకరత్నం.

"అవును. ఆ తర్వాత మూడు రోజులకి తీరం కంపెనీ వస్తుంది. నా వల్లే. రాజీనామా రాసి తెచ్చాను." నిజానికి మూడు చిత్తుప్రతులు తెచ్చాను. ఏది బాగుందో తేలలేదు.

పైడమ్మగారు చేయి చాపి మూడూ తీసుకున్నారు. చదవలేదు. చిగురులోంచి ఏరేసిన ఈనెల్ని వాటిలో పోసి పొట్లం కట్టారు.

"ఆ పేరు కదలకపోతే మిగతాయి కూడా కదలకూడదాండి?" అంది నూకరత్నం. "నా మోటారు ఈ గదిలో ఉంటాది. గొట్టం ఆ గదిలోంచి పోతాది. మీట ఇంకోచోట. అన్నీ ఒకేచోట ఉండాలంటే నేనెప్పుడో సచ్చేదాన్ని."

కలిసి కనిపించేవి కలిసే ఉండి తీరాలనుకోవడం ఒక దోషం. మూడో వారం పాఠం. పదహారేళ్ళు ఆ పాఠానికి నేను చెప్పిన ఉదాహరణ కాఫీ, పంచదార. పరీక్షలో ఇది తప్పు రాసినవాళ్ళకి నేనెప్పుడూ మార్కు వేసిన పాపాన పోలేదు.

"అది కుదురుతుందో లేదో కనుక్కోవాలి," అన్నాను. "తెలిసినవాళ్ళని..."

"రేపు పంటు ఉంది," అన్నారు పైడమ్మగారు. "రండి. అడుగుదాం. ఈసారైనా."

గడువుకి 17 రోజులు

పంటులో నాలుగో దిమ్మెకి వెళ్ళాం. వలల సంఘం పెద్ద లోవరాజు సాగరసేతుని వదిలేసినవాళ్ళలో ఒకడని పైడమ్మగారికి ఎలా తెలిసిందో నాకు తెలీదు. పంటు నడిపినవాళ్ళకి అన్నీ తెలుస్తాయి.

"ఏం సేసేరంటే ఏం సెప్తామండి," అన్నాడు లోవరాజు. "వదిలేసి ఎల్లిపోవాలంటే ఏదో విడుదల కోడు కావాలంట కదా. ఆ కోడు ఇమ్మంటే ఒక నెల టింగు. ఇంకో నెల టింగు. ఆకర్న మా ఆవిడ ఫోన్లో ఏడిసింది. ఏడిసినా టింగే. పదకొండు నెలలండి! మా పేజీకెల్తే వేరే ఎవరిదో సబ్బుల ప్రకటన వచ్చేది."

నేను పట్టిక మడిచి సంచీలో పెట్టేశాను.

అక్కణ్ణుంచి ఐసు ఫ్యాక్టరీకి. మేనేజరు సత్తిరాజుగారు త్రోవని వదిలేసి రెండేళ్ళయిందట.

"ఆవిడా? గౌరీశ్వరిగోరు? వదిలేస్తామంటే ఆ పూటే కోడు పంపించేరండి. దాంతోపాటు మా దారులన్నీ ఒక కాయితం మీద రాసి, ఏది ఎందుకుందో పక్కన గుర్తు పెట్టి మరీ ఇచ్చేరు. ఎల్లబోయే కంపినీలో ఫలానా చోట జాగర్తండీ అని కూడా సెప్పేరు."

"మరెందుకు వదిలేశారండీ?" అన్నాను. ఇది అడగకూడని ప్రశ్నని తెలుసు. పైడమ్మగారు నా మోచేతిని పొడిచారు.

సత్తిరాజుగారు మెడ గోక్కున్నారు. "మా బావమరిది కంపినీ ఎట్టేడండి. ఇంట్లో గోల. ఇప్పుడేవో దారులన్నీ కలగాపులగం, ఐసుబండి వచ్చిందో లేదో కూడా తెలీట్లేదండి."

అక్కడే, ఐసుగడ్డల మధ్య వణుకుతూ త్రోవకి ఫోను చేశాను. గంట మోగలేదు.

"ఆ రోజు మీరే కదండీ," అన్నారు గౌరీశ్వరిగారు. "మళ్ళీ చేస్తే ఎత్తలేదు."

"పట్టికలో పడ్డాను," అన్నాను. ఆవిడ నవ్వారు. అంతా చెప్పాను, ఐదో పేరాతో సహా.

"పేరు అక్కడే ఉండనివ్వండి. దానికి కాళ్ళు కట్టేశారు గానీ కళ్ళు కట్టలేదు కదా. దారి ఎవరిని అడగాలో నామనిధిలో ఒకచోట రాసి ఉంటుంది, అది మావైపు తిప్పండి. దానికి అరవై రోజుల గొడవ లేదు. ముద్ర కోసం మేమొక మాట ఇస్తాం. ఆ మాటని మీ దారి పుస్తకంలో మీరు రాయగలిగితే పేరు మీదేనని రుజువైనట్టే, ముద్ర వచ్చేస్తుంది. ఇంతకీ మీ పెట్టెలు ఒకసారి అడిగిన దారిని ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటాయి?"

"వారం," అన్నాను. "పదేపదే అడిగితే పంపు అలిసిపోతుందేమోనని అయిదేళ్ళ కిందట నేనే పెట్టాను."

అవతల కొంచెం సేపు నిశ్శబ్దం. మనిషి నిశ్శబ్దం. యంత్రాలకి అది రాదు.

"వారమంటే, ఇప్పుడు దారి మారిస్తే కొన్ని పెట్టెలు వారం దాకా పాత గుమ్మమే కొడుతుంటాయి. అందుకని ఇవాళే ఆ వారాన్ని అయిదు నిమిషాలు చెయ్యండి. ఆ సంగతి అన్ని పెట్టెలకీ చేరడానికి వారం పడుతుంది. ఆ తర్వాతే దారి తిప్పండి. రోజులు సరిపోతాయి, ఆలోచిస్తూ కూర్చోకపోతే."

ఆవిడకి నా గురించి ఎవరూ చెప్పలేదు. గొంతు బట్టి తెలిసిపోతుందేమో.

ఫోను పెట్టేముందు పైడమ్మగారు లాక్కున్నారు. "అమ్మా, మేము నీ దగ్గర సేరకముందే అడుగుతున్నాను. రేపు ఎల్లిపోతామంటే?"

"కోడు మొదటిరోజే కవర్లో పెట్టి ఇస్తానండి. మీ దగ్గరే ఉంచుకోండి. ఎప్పుడు వాడుకున్నా నన్ను అడగక్కర్లేదు."

పైడమ్మగారు ఫోను నా చేతికిచ్చి, "అయిపోయింది. పదండి, సలేస్తంది" అన్నారు. యాభై రెండు గళ్ళ తర్వాత నిర్ణయం అంత సేపట్లో అయింది.

గడువుకి 9 రోజులు

వారం కిందట గుర్తుంచుకునే కాలాన్ని అయిదు నిమిషాలకి తగ్గించాను. పంపు అలిసిపోలేదు. అయిదేళ్ళ భయం దానికి పట్టనే లేదు.

మా దారులన్నీ త్రోవ పుస్తకంలోకి ఎక్కించాను. ముప్ఫై దారులు. నాలుగుసార్లు సరిచూశాను. నామనిధి పుస్తకంతో అచ్చంగా సరిపోయాయి. నూకరత్నానికి చూపిస్తే ఆమె కాగితం ముట్టుకోలేదు, నన్ను వెంట పెట్టుకుని పంపుగదులన్నీ తిరిగింది. ప్రతి గది గోడ మీదా సుద్దముక్కతో ఆమె సొంత గుర్తులుంటాయి. ఏ నీళ్ళు ఎటు పోతాయో, ఏ మీట ఎప్పుడు తిప్పిందో. నేను రంగు గురించి చిట్టాలు రాసిన గోడలు ఇవే. ఇన్నేళ్ళలో వాటి మీద ఏముందో చదవలేదు.

మూడో గదిలో ఆగింది. "ఇది మీ కాయితంలో ఉందాండి? ఉయ్యాలగది."

లేదు. పనికి వచ్చే తల్లులు పిల్లల్ని వదిలే గది అది. పోయినేడాది తుఫానుకి గొట్టం పగిలితే నూకరత్నం మూడో గది యంత్రానికి కలిపి, తాత్కాలికంగా పెట్టె లోపలే దారి రాసేసింది. నామనిధి పాత దారి ఆపేసిన రోజున ఆ గదిలో ఇరవై ముగ్గురు పిల్లలకి చుక్క నీరు వచ్చేది కాదు. నా పట్టిక మాత్రం అంతా సరిగా ఉందని చెప్పేది.

ముప్ఫై ఒకటోది రాశాను. రాస్తుంటే పలక పట్టుకున్న నూకరత్నం, తర్వాత పెట్టె లోపల తను రాసింది చెరిపేసింది.

"మీరు నాలుగుసార్లు సూసేరుగా, ఫరవాలేదండి," అంది. "నాలుగుసార్లూ అదే కాయితం సూసేరు, అంతే తేడా."

గడువుకి 5 రోజులు

పది గంటలకి మార్పు. పోటు మీద తొట్లన్నీ నింపుకుని, ఇళ్ళలో బిందెలు పట్టుకోమని ముందే దండోరా వేయించాం. పంపుగదిలో దీపాల పలక ముందు నిలబడ్డాం. నాలుగు వందల పన్నెండు పచ్చచుక్కలు.

గౌరీశ్వరిగారు ఫోనులో ఉన్నారు. ముద్ర ముందురోజే వచ్చి యంత్రంలో కూర్చుంది. ఇక నామనిధిలో దారి తిప్పే మీట ఒక్కటే మిగిలింది. నా వేలు దాని మీద ఉంది. ఒకవేళ, అనుకున్నాను. ఒకవేళ ఉయ్యాలగది లాంటిది ఇంకొకటి ఉంటే? ఒకవేళ ఐదో పేరా లాంటిది...

"పంతులమ్మగోరూ," అన్నారు పైడమ్మగారు, "పంటు రేవుకొచ్చేక తాడు ఇసరాలండి. అటు ఒరిగిందా ఇటు ఒరిగిందా అని సూత్తే మళ్ళీ దూరం పోతాది."

నొక్కాను.

మొదట ఏమీ కాలేదు. నాలుగో నిమిషానికి చుక్కలు ఒక్కొక్కటిగా పసుపు రంగుకి తిరిగాయి, తర్వాత అన్నీ. పసుపంటే పెట్టె కొత్త దారి అడుగుతోందని. ఏడు, ఎనిమిది, తొమ్మిది. నూకరత్నం పైటకొంగు నోట్లో కుక్కుకుంది. పదకొండో నిమిషంలో ఉయ్యాలగది పచ్చబడింది. దాని వెనక ఒక వరస, ఇంకో వరస, వడగళ్ళు పడినట్టు.

నాలుగు వందల పదకొండు.

ఒక్కటి పసుపులోనే ఉండిపోయింది. నూకరత్నం దాని నంబరు చూసి పెదాలు బిగబట్టింది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. "మూడో వరుస, తొమ్మిదో ఇల్లండి."

అది మా ఇల్లు.

పైడమ్మగారు నాతో కూడా వచ్చారు. పెట్టె మీద ఒక ప్రశ్న వెలుగుతోంది: "కొత్త ముద్ర వచ్చింది. మీకు నమ్మకమేనా? అవును. కాదు." దిమ్మె మీద అందరి పెట్టెలూ మంచి ముద్ర చూస్తే వాటంతట అవే నమ్ముతాయి. ముందు నన్ను అడగమని నా పెట్టెకి మాత్రం చెప్పి పెట్టుకున్నది నేనే, వచ్చిన మొదటి నెలలో. సంఘం మొత్తానికి ముద్ర తెచ్చిన మనిషి ఇంట్లోనే నీళ్ళు లేవు.

నాకు నవ్వు రాలేదు. "పైడమ్మగారూ, ఆ రాజీనామా మళ్ళీ రాస్తాను. ఈసారి ఒకటే రాస్తాను. నాలాంటి దాన్ని ఈ పనికి ఎలా పెట్టుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు."

"అడిగే ఎట్టుకున్నామండి."

"ఎవర్ని?"

"వదిలేసినోళ్ళని." ఆవిడ స్టూలు లాక్కుని కూచున్నారు. "మీ ఆయన్ని. సదాశివగోర్ని. అప్పటికే ఇడిపోయేరుగా మీరు. పంటు మీద తీరానికెల్లి అడిగేం, నేనూ బంగారమ్మా."

తొమ్మిదేళ్ళు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఏమన్నాడు?"

"కూరేం వండాలో తేల్సడానికి సాయంత్రం అయిపోయేదండీ, ఆకలికి సచ్చేవోణ్ణి అన్నారు. మేవిద్దరం మొకమొకాలు సూసుకున్నాం. అయితే మీరు ఎల్లిపోతానన్న రోజు ఆవిడేం సేసింది అనడిగితే, నా పుస్తకాలన్నీ తనే అట్టపెట్టెల్లో సర్దింది, ఏ పెట్టెలో ఏవున్నాయో పైన రాసింది, అడుగున పడ్డ నా కళ్ళజోడు కూడా తుడిసి పైన ఎట్టింది అన్నారు." పైడమ్మగారు మోకాలు నిమురుకున్నారు. "రేవుకొచ్చేక బంగారమ్మ అంది, ఈవిడ సాలు అని."

ఆ పెట్టెలు నాకు గుర్తున్నాయి. పదకొండు. ఏ పుస్తకం ఎందులో పెట్టాలా అని రెండు రోజులు పట్టింది నాకు. అతను అది చూశాడని ఇవాళ తెలిసింది.

గౌరీశ్వరిగారిచ్చిన విడుదల కోడు కవరు నా సంచీలోనే ఉంది. తీసి, పెట్టె పక్కన సంఘం కాగితాలుండే మేకుకి తగిలించాను, తర్వాత వచ్చే కార్యదర్శికి కనబడేలా. వెనక నాలుగు పేరాల సూచన రాయబోయి, ఒక్క వాక్యం రాశాను: వెళ్ళాలంటే ఇదే, ఎవర్నీ అడగక్కర్లేదు.

"నొక్కండి పంతులమ్మగోరూ. ఇక్కడ దాహవేస్తంది."

అవును మీద వేలు పెట్టాను. పచ్చలైటు వెలిగింది. కుళాయి రెండుసార్లు దగ్గి, నీళ్ళు వదిలింది.

అలమరలో స్టీలు గ్లాసు, గాజు గ్లాసు పక్కపక్కనే ఉన్నాయి. ఆవిడకి ఏది ఇస్తే బాగుంటుందా అని చూస్తుంటే, ఆవిడే లేచి వచ్చి కుళాయి కింద దోసిలి పట్టారు.